రెండు నోటుబుక్కులు, ఒకే తొమ్మిది వాక్యాలు

నాకు అనుమానం ఎక్కువ. గిట్టనివాళ్ళు అన్న మాటైతే పట్టించుకునేదాన్ని కాదు. ముప్పై ఏళ్ళు నాతో ఒకే స్టాఫ్‌రూంలో టీ తాగినవాళ్ళు కూడా అదే అనేవారు. దానికి నేనేం చేయను? మా నాన్న కాజీపేట స్టేషన్‌లో టికెట్ కలెక్టరు. గేటు దగ్గర నిలబడి టికెట్ లేనివాణ్ణి నడకను బట్టి పట్టేసేవాడు. "టికెట్ లేనోడు గేటు దిక్కు సూడడు బిడ్డా. ఎక్కడ్నో పెద్ద పనున్నట్టు ఎటో సూసుకుంట పోతడు" అని అన్నం తింటూ మాకు చెప్పేవాడు. నేను ఇంగ్లీషు లెక్చరర్‌నయ్యాను గానీ చూపు మాత్రం ఆయనదే వచ్చింది.

ఈమధ్య కొత్తగా లెక్చరర్ కొలువులో చేరిన అమ్మాయిలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. కాపీ కొట్టేవాళ్ళను ఎట్లా పట్టుకోవాలో చెప్పమన్నారు. నా పేరు ఇంకా బతికే ఉందని లోపల సంబరపడ్డాను. వాళ్ళకు ఆరోజు సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పట్టుకునే సంగతి. ఇద్దరి సరైన జవాబులు ఒకేలా ఉంటే అది రుజువు కాదు. పాఠం ఒక్కటే కాబట్టి జవాబూ ఒక్కటే కావచ్చు. ఇద్దరి తప్పులు ఒకేలా ఉంటే అనుమానించాలి. ఇద్దరూ ఒకే చోట ఖాళీ వదిలితే ఇక అనుమానం అక్కర్లేదు, పిలిచి నిలబెట్టడమే. ఈ లెక్కతో నేను పట్టినవాళ్ళలో ఒక్కరు కూడా బుకాయించి తప్పించుకోలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు కూడా నేను సరిగ్గా పట్టుకున్న కేసులోనే జరిగింది.

నేను రిటైరయ్యే ముందు ఏడాది. హనుమకొండలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ, రెండో సంవత్సరం. పాఠంతో సంబంధం లేకుండా వారానికి పది ఇంగ్లీషు మాటలు నేర్పడం నాకు అలవాటు. ఒక్కో వారం ఒక్కో విషయం. ఆస్పత్రి మాటలు, రైలు మాటలు, కోర్టు మాటలు, ఇట్లా. పిల్లలు ఆ పది మాటలతో పది సొంత వాక్యాలు రాసుకురావాలి. గైడు చూడకూడదు. వాక్యం వాళ్ళ ఇంట్లోంచో వాళ్ళ వీధిలోంచో రావాలి. "మీ వాక్యంలో మీ ఇంటి వాసన రావాలె" అనేదాన్ని.

ఆ వారం నేను ఎంచుకున్నది, హఠాత్తుగా వచ్చిపడిన డబ్బు, దాంతో చెడిన చుట్టరికాలు. ఊరికే ఎంచుకోలేదు. క్లాసులో సగంమంది మడికొండ దిక్కు నుంచి వచ్చేవాళ్ళు. అక్కడ ఐటీ పార్కు పడ్డాక, దాని చుట్టూ ప్లాట్లు పడ్డాక, మొన్నటిదాకా మిర్చి ఏరిన ఇళ్ళ ముందు పెద్ద పెద్ద కార్లు నిలబడ్డాయి. ఆ పిల్లల్లో నాకు రెండూ కనబడేవి. కొత్త ఫోను చేతిలో ఉంటుంది, కళ్ళు మాత్రం ఏడ్చి వచ్చినట్టు ఉంటాయి. ఈ మాటలైతే వీళ్ళకు బాగా అంటుకుంటాయనుకున్నాను.

బోర్డు మీద రాశాను. కష్టపడకుండా వచ్చిపడిన సొమ్ము విండ్‌ఫాల్. దాన్ని మంచినీళ్ళలా ఖర్చుపెట్టడం స్క్వాండర్. వారసుడు ఎయిర్, ముందున్న హెచ్ పలకదు. తోడబుట్టినవాళ్ళు సిబ్లింగ్స్. ఏళ్ళ తరబడి సాగే పగ ఫ్యూడ్. ఒకప్పుడు దగ్గరివాళ్ళై ఇప్పుడు మాటలు లేనివాళ్ళు ఎస్ట్రేంజ్డ్. అట్లా పోయి పోయి పదో మాట రికన్సైల్, అంటే మళ్ళీ కలిసిపోవడం. వెనక బెంచీలో ఒక గడుగ్గాయి లేచి, "మేడం, గీ పదిట్ల తొమ్మిది మా వాడకట్టులనే దొరుకుతయి. ఆఖరుది మాత్రం దొరకది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నోటుబుక్కులు ఇంటికి తెచ్చుకుని దిద్దుతుంటే, 'ఏ' సెక్షన్‌లో ఒక అమ్మాయి రాసిన వాక్యాల దగ్గర ఆగిపోయాను. వాక్యాలు ఇంగ్లీషులో ఉన్నాయి, నాకు గుర్తున్నంతవరకు తెలుగులో చెప్తాను. విండ్‌ఫాల్‌కు, "డబ్బు వచ్చింది, ఒక పొయ్యి రెండు పొయ్యిలయింది" అని రాసింది. సిబ్లింగ్స్‌కు, "వాళ్ళిద్దరి చెప్పుల సైజు ఒక్కటే, కానీ ఒకరి గడప ఒకరు తొక్కరు" అని. ఎయిర్ దగ్గర ఒక వింత వాక్యం ఉంది. "వారసులు ముసలామె ముఖం తర్వాత చూస్తారు, ముందు బొటనవేలు చూస్తారు." ఇది నాకు అర్థం కాలేదు. ఎర్రపెన్నుతో పక్కన ప్రశ్నార్థకం గీశాను. రికన్సైల్ దగ్గర ఖాళీ. అయినా పదికి తొమ్మిది వేద్దామనిపించింది. అంత బాగా రాసే పిల్లలు అరుదు.

తర్వాత బీ సెక్షన్ కట్ట విప్పాను. నాలుగో నోటుబుక్కులో అవే పొయ్యిలు, అవే చెప్పులు, అదే బొటనవేలు. అక్షరం పొల్లుపోకుండా తొమ్మిది వాక్యాలు. పదో చోట ఖాళీ.

నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు బాధేమీ కలగలేదు. ఒళ్ళంతా హుషారొచ్చింది.

మర్నాడు మా అటెండరమ్మను అడిగాను. కాలేజీలో ఏ పిల్ల ఏ బస్సు దిగుతుందో, ఎవరి ఇంట్లో ఏ కూర వండారో ఆమెకు తెలుసు. "ఆళ్ళిద్దరా మేడం? అన్నదమ్ముల బిడ్డలు. బీ సెక్షను పొల్ల అక్క, ఏ సెక్షను పొల్ల చెల్లె. ఫస్టియర్ల ఒక్క ఆటోల ఒచ్చి చేరిన్రు. భూములు అమ్ముడువొయినంక తండ్రులు కొట్లాడుకున్నరు. కోర్టుల కేసు నడుస్తాంది. అక్క తండ్రి ఒచ్చి సెక్షను మార్పిచ్చుకున్నడు. పెద్దాయన మడికొండల్నే కొత్త ఇల్లు కట్టిండు, చిన్నాయన హన్మకొండకు ఒచ్చిండు. పిల్లలు గూడ మాట్లాడుకోరు. ఎదురువడితే మొహం తిప్పుకుంటరు" అంది.

మాట్లాడుకోనివాళ్ళు కాపీ ఎట్లా కొట్టారు? ఒకరి పుస్తకం ఒకరు దొంగిలించారా? పెద్దల పగ పిల్లలకు దిగి, ఒకరు ఇంకొకరిని ఇరికించాలని చూస్తున్నారా? వారం రోజులు ఇద్దరినీ కనిపెట్టాను. మెట్ల మీద, క్యాంటీన్‌లో, బస్టాపులో. నిజంగానే మొహం తిప్పుకుంటున్నారు. కానీ మరీ శుభ్రంగా తిప్పుకుంటున్నారు. పడనివాళ్ళు ఒకసారైనా ఓరకంట చూస్తారు, ఒక మాటైనా విసురుతారు. వీళ్ళు ఎక్కడో పెద్ద పనున్నట్టు ఎటో చూసుకుంటూ పోతున్నారు. నాన్న చెప్పిన నడక అది.

విడివిడిగా పిలిచాను. ముందు అక్క.

"ఇవి నువ్వే రాశావా?"

"నేనే రాసిన మేడం."

"అయితే ఆ అమ్మాయి నీది చూసి రాసిందన్నమాట."

"లేదు మేడం. నేనే ఆమెది సూసి రాసిన. సున్నా ఏసుకోండ్రి."

చెల్లెలు వచ్చింది. నేను నోరు తెరవకముందే, "కాపీ కొట్టింది నేను మేడం. ఆమెకు తెల్వది" అంది. పుస్తకం ఎక్కడ దొరికిందని అడిగాను. తల వంచుకుని చున్నీ అంచు మెలిపెడుతూ నిలబడింది. సున్నాకు భయపడే పిల్ల వాలకం కాదది, అంతమాత్రం గుర్తుపట్టగలను.

నేను కాదు నేను కాదు అనేవాళ్ళనే చూశాను గానీ, నేనంటే నేను అని పోటీపడ్డవాళ్ళను అంతకుముందు చూడలేదు. స్టాఫ్‌రూంలో నా పక్క కుర్చీ తెలుగు లెక్చరర్‌ది. నాకన్నా రెండేళ్ళు చిన్న, నాకన్నా పదేళ్ళు నిదానం. ఆయనకు ఈ సంగతి చెప్తే, టీ కప్పు పక్కన పెట్టి, "మేడం, ఇద్దరూ తప్పు ఒప్పుకుంటున్నారంటే అసలు తప్పు అది కాదన్నమాట. దానికన్నా పెద్దదేదో దాస్తున్నరు. వదిలేయండి" అన్నాడు.

"దాస్తున్నరని తెలిశాక ఎట్లా వదిలేస్తం సార్?"

"కొన్ని దాపరికాలు మన సిలబస్‌ల ఉండవు మేడం."

నేను వినలేదు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి ఇద్దరి తండ్రులకూ ఫోన్ చేయించాను. సోమవారం పది గంటలకు, ఇద్దరూ ఒకేసారి రావాలి. వాళ్ళకు మాటల్లేవని నాకు తెలుసు. తెలిసే చేశాను. ఒకే సీటుకు ఇద్దరు టికెట్లు చూపిస్తే, ఇద్దరినీ ఒక్కచోట నిలబెట్టి అడిగితే నిజం బయటపడుతుందని మా నాన్న అనేవాడు. రైల్లో అది పనిచేసింది. రైలు దిగాక ఆ ఇద్దరూ ఒక ఇంటికి పోరు, ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు కారు. ఈ తేడా నాకు తట్టలేదు.

ఆ సోమవారానికి ముందు రోజు ఆదివారం, చర్చి నుంచి నడిచి వస్తున్నాను. కాజీపేట బస్టాపులో సిమెంటు బెంచీ మీద ఆ ఇద్దరు పిల్లలూ కనబడ్డారు. మధ్యలో ఒక ముసలామె. ముగ్గురి ఒళ్ళో కలిపి ఒక్క బట్టల మూట, దాని మీద తెరిచిన నోటుబుక్కు. ముసలామె ఏదో చెప్తోంది, చెల్లెలు పడీపడీ నవ్వుతోంది, అక్క రాస్తోంది. కాలేజీలో ఎటో చూసుకుంటూ పోయే పిల్లలు, ఒకరి భుజం మీద ఒకరు వాలి ఉన్నారు.

నన్ను చూసి ఇద్దరూ బిగుసుకుపోయారు. ముసలామెకు నేనెవరో తెలియదు. "కూసో బిడ్డా, బస్సు ఇప్పట్ల రాదు" అని మూట దగ్గరికి లాక్కుని జాగా ఇచ్చింది. కూర్చున్నాను. నేను వీళ్ళకు చదువు చెప్తానంటే చేతులెత్తి దండం పెట్టింది. పిల్లలు వద్దు వద్దని కళ్ళతో సైగ చేస్తున్నా ఆమె ఆగలేదు. మాట్లాడే మనిషి దొరక్క ఎన్ని రోజులయిందో.

"నాకు ఇద్దరు కొడుకులు బిడ్డా. వంతులు ఏసుకున్నరు. ఒకనెల ఆ ఇంట్ల, ఒకనెల ఈ ఇంట్ల. అమాస పోయినంక ఒచ్చే ఐతారం మారుత. కార్ల ఎక్కితే నాకు కక్కుడు. అందుకని బస్సే. ఆని ఇంటికి ఈడు రాడు, ఈని ఇంటికి ఆడు రాడు. అందుకని ఒగ మనుమరాలు ఈడిదాక తెస్తది, ఇంకో మనుమరాలు ఈడికెల్లి తీస్కపోతది."

"మా నాయినలకు మేం గిట్ల కూసుంటమని తెల్వది మేడం" అక్క మెల్లగా అంది. "నాయినమ్మను దించి, అవతలి ఇంటోళ్ళు రాకముందే పక్కకు జరగమంటరు. మేం బస్సు లేటయింది అని చెప్తం."

"ఎంతసేపు?"

"గంటన్నర" అంది చెల్లెలు. "నెలకు."

ఆ నోటుబుక్కు సంగతి అప్పుడు తెలిసింది. నేను ఇచ్చిన పది మాటలూ రెండు వారాల ముందటి ఆదివారమే ముసలామెకు తెలుగులో చెప్పారట. ఆమెకు నడుం పట్టేస్తే హనుమకొండ డాక్టరుకు చూపించాలని ఆ నెల వంతు రెండుసార్లు మారింది. ఒక్కో మాటకు ఆమె ఒక్కో ముక్క చెప్తే, ఇద్దరూ కూడబలుక్కుని దాన్ని ఇంగ్లీషులో పెట్టారు. ఇద్దరికీ ఆ వాక్యాలు వదులుకో బుద్ధి కాలేదు. రెండు సెక్షన్ల పుస్తకాలు మేడం పక్కపక్కన పెట్టి చూడదులే అనుకున్నారు. నేను ఎట్లాంటిదాన్నో వాళ్ళకు తెలియదు.

"బొటనవేలు ఏంది?" అని అడిగాను.

ముసలామె తన కుడి బొటనవేలు నా ముందు పెట్టింది. పనిచేసి పనిచేసి గీతలు అరిగిపోయిన వేలు. "బాయికాడి భూమి చెక్క ఇంకా నా పేరు మీద ఉంది. ఇన్నొద్దులు ఆ ఇంట్ల ఉంటి గద, ఏలిముద్ర ఏపిచ్చుకున్నరేమో అని ఈ ఇంట్ల అనుమానం. మళ్ళ ఆడికి పోతే ఆళ్ళకు అనుమానం. ఇంట్ల కాలు పెట్టుడుతోనే ఏలు సూస్తరు, సిరా ఉన్నదా అని. తిన్నవా అవ్వా అని తర్వాత అడుగుతరు." అని నవ్వింది. "ఏమనుకోకు బిడ్డా. పైసలు లేనప్పుడు ఇద్దరు ఒక్క కంచంల తిన్నోళ్ళే. గీ పిల్లలను తిట్టకుండ్రి. గీ గంటన్నరనే నాకు పండుగ."

నాకు సిగ్గేసింది. ఆ వాక్యం పక్కన ఎర్రగా ప్రశ్నార్థకం గీసింది నేనే. అనుమానంతో వేలు పట్టుకుని చూసేవాళ్ళకూ నాకూ తేడా ఎక్కడుందో ఎంత వెతికినా కనబడలేదు.

"మేడం, రేపు నాయినకు తెలిస్తే నన్ను ఈడ ఉంచడు" అంది అక్క. "హైదరాబాద్‌ల హాస్టల్ సూసిపెట్టిండు. నాయినమ్మను ఇంక డ్రైవర్‌తోనే పంపుతరు." చెల్లెలు నాయనమ్మ మూట ముడి విప్పి మళ్ళీ కట్టింది.

ఇంటికి రాగానే ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాను, రేపటిది ఆపమని. "ఎట్లా ఆపుత మేడం? ఇద్దరూ పెద్ద మనుషులైన్రు ఇప్పుడు. ఒకాయన ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసిండు, అవతలోని బిడ్డ ఏం చేసిందో చెప్పుమని" అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఎవరికి చెప్పుకోను?

సోమవారం పది కాకముందే రెండు కార్లు వచ్చాయి. ఒకటి గేటు లోపల, ఒకటి గేటు బయట. అన్నదమ్ములిద్దరూ ప్రిన్సిపాల్ గదిలోకి చెరో తలుపు నుంచి వచ్చారు. పెద్దాయన చేతికి బంగారు కడియం, చిన్నాయన మెడలో గొలుసు. మనుషుల్ని చూస్తే మాత్రం ఎండలో పనిచేసిన ఒళ్ళు, ఇద్దరిదీ ఒకే ముక్కు. కూర్చోమంటే ఇద్దరూ కూర్చోలేదు. పిల్లలిద్దరూ గోడకు చెరో మూల నిలబడ్డారు. మా తెలుగు లెక్చరర్ ఏదో రిజిస్టరు వెతుకుతున్నట్టు అలమర దగ్గర చేరాడు. ఆ గదిలో ఆయనకు ఏ పనీ లేదు, నాకోసమే వచ్చాడు.

"ఏంది మేడం, ఏమైంది?" అన్నాడు పెద్దాయన. "మా బిడ్డ పుస్తకం ఎవలన్న దొంగతనం చేసిన్రా? చేస్తే ఎవలు చేసిన్రో నాకు ఎరికే."

"మేడం, దొంగతనాలు ఎవని ఇంట అలవాటో ఆయన్నే అడుగుండ్రి" అన్నాడు చిన్నాయన, ప్రిన్సిపాల్ వైపు చూస్తూ. ప్రిన్సిపాల్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఒక్కటి మాత్రం చెప్పుండ్రి" పెద్దాయన గొంతు పెంచాడు. "మా బిడ్డ ఆ ఇంటి పొల్లతోని మాట్లాడుతాందా? మాట్లాడుతాంటే ఇయ్యాల్నే సర్టిఫికెట్లు తీస్కపోత. ఆ పొల్లను పంపి మా ఇంట్ల సంగతులు గుంజుతాన్రని నాకు ఎప్పటికెల్లో డౌటు."

"నాకు లేదా డౌటు?" అన్నాడు చిన్నాయన, గోడతో.

రెండు నోటుబుక్కులూ నా చేతిలో ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా గైడు పేరెత్తితే బయట నిలబెట్టిన మనిషిని. గొంతు సవరించుకున్నాను.

"వాళ్ళకు మాటలే లేవండి. కాలేజీలో ఒకరినొకరు చూసుకోవడం కూడా నేను చూడలేదు. సంగతేందంటే, ఇద్దరూ బజార్లో దొరికే ఒకే గైడు చూసి రాశారు. అందుకని రెండు పుస్తకాల్లో ఒకే వాక్యాలు పడ్డాయి. గైడు వాడొద్దని మీ ముందర చెప్దామని పిలిచిన."

అక్క తలెత్తి నన్ను చూసి, వెంటనే దించుకుంది.

"గైడా?" పెద్దాయనకు నమ్మకం కుదరలేదు. "ఏ గైడు? పేరేంది?"

అబద్ధం చెప్పే అలవాటు లేనివాళ్ళకు రెండో అబద్ధం దగ్గర కాళ్ళు తడబడతాయి. అలమర దగ్గర్నుంచి తెలుగు లెక్చరర్, "నా దగ్గరుంది సార్ అది. పోయిన వారం పిల్లల దగ్గర గుంజుకున్న. ఇంట్ల పడేసిన. కావాల్నంటే రేపు తెస్త" అన్నాడు, రిజిస్టరులోంచి తల తీయకుండానే. ఎన్నో ఏళ్ళుగా ఆయన్ను నిదానస్థుడని వెక్కిరించాను. ఆ రోజు ఆయన నాకంటే ముందున్నాడు.

"నాకు ఇంగ్లీషు రాదు మేడం. ఏం రాసిందో జర సదువుండ్రి" అన్నాడు పెద్దాయన. పుస్తకం తెరిచి, కళ్ళు పొయ్యిల వాక్యం మీద పెట్టి, "ధనం వచ్చినా వినయం పోగొట్టుకోరాదు" అని చదివాను. "మంచిదే గద" అన్నాడాయన. "గంత మంచి మాట గైడుల ఉంటే సూసి రాస్తే ఏమైతది?" నేను తలాడించాను.

అక్కడితో అయిపోయేదే. కానీ చిన్నాయన చెయ్యి చాపి, "ఇటియ్యుండ్రి మేడం" అని తన కూతురి పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆయన డిగ్రీ మధ్యలో మానేసిన మనిషని తర్వాత తెలిసింది. వేలు కింద పెట్టి మెల్లగా చదువుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. చెల్లెలి ముఖంలో రక్తం లేదు. పేజీలో సగం దాకా వచ్చి వేలు ఆగింది. ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. ఆయన మళ్ళీ మొదట్నుంచి చదివాడు, మళ్ళీ అక్కడే ఆగాడు.

"ఈ పక్కన గుర్తేంది మేడం?"

"ప్రశ్నార్థకం."

"ఎందుకు పెట్టిన్రు?"

"ఆ వాక్యం నాకు అర్థం కాలేదు."

"ఇప్పుడు అయిందా?"

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. ఆయన కళ్ళలోకి చూసి, "లేదు" అన్నాను.

పెద్దాయన అసహనంగా, "ఏంది మేడం, ఏమున్నది అండ్ల? గైడుదేనా, ఇంకేమన్ననా?" అన్నాడు. ఆ గదిలోకి వచ్చాక చిన్నాయన మొదటిసారి అన్న ముఖం వైపు చూశాడు. ఎంతోసేపు కాదు. తర్వాత పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, "గైడుదే" అన్నాడు. "గిసొంటియి గైడులల్లనే ఉంటయి."

ఇద్దరూ వచ్చిన తలుపుల నుంచే వెళ్ళిపోయారు. పిల్లలిద్దరికీ ఆ వారం సున్నా వేశాను, రిజిస్టరులో కారణం గైడు అని రాశాను. నేను చెప్పిన అబద్ధానికి వాళ్ళు కట్టిన జరిమానా అది. ఒక్కరూ నొచ్చుకోలేదు. స్టాఫ్‌రూంలో తెలుగు లెక్చరర్ టీ తెప్పించాడు, నా కప్పులో చక్కెర ఎక్కువ వేయించాడు.

కానీ నా అనుమానం అంత సులభంగా చచ్చేదా? ఆ చిన్నాయన ఎందుకు ఒప్పుకున్నాడు? అబద్ధమని తెలిసీ అన్న ముందు ఎందుకు బయటపెట్టలేదు? బిడ్డను తిట్టాడా అంటే, తిట్టలేదని చెల్లెలు చెప్పింది. ఆ పుస్తకం ఊసే ఎత్తలేదట. అది నాకు మరీ అనుమానంగా తోచింది. పిల్లలు కలుస్తున్నారని తెలుసుకుని, చూసీచూడనట్టు ఉండి, బిడ్డ ద్వారా అన్న ఇంటి గుట్టు లాగుదామని చూస్తున్నాడేమో. కోర్టులో కేసు నడుస్తోంది, బావికాడి చెక్క ఇంకా ముసలామె పేరు మీదే ఉంది. డబ్బు రుచి చూసిన మనిషి ఒక్క వాక్యం చదివి మారతాడని నేను నమ్మను. నెలంతా ఇదే ఆలోచన.

మళ్ళీ అమావాస్య పోయింది, ఆదివారం వచ్చింది. చర్చిలో పాట అయిపోకముందే లేచి బస్టాపుకు నడిచాను. ఎండ మాడుతోంది. బెంచీ మీద ముగ్గురూ ఉన్నారు. ముసలామె తమలపాకు చుడుతూ ఏదో చెప్తోంది, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. కొద్దిదూరంలో, మూసి ఉన్న దుకాణం ముందు, ఆ సోమవారం కాలేజీ గేటు బయట నిలబడ్డ కారు ఆగి ఉంది. అద్దం సగం దించి ఉంది. లోపల చిన్నాయన.

నేను అనుకున్నదే జరిగింది. కాపలా కాస్తున్నాడు. ఒళ్ళు మండిపోయింది. నేను చేసిన పాడుపనికి ఆ పిల్లల గంటన్నర కూడా పోతోందనుకున్నాను. సర్రున కారు దగ్గరికి పోయి అద్దం మీద కొట్టాను.

"ఏం చేస్తాన్రు ఇక్కడ? బిడ్డ మీద నిఘానా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు, మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లేదు మేడం. జర మెల్లగ మాట్లాడుండ్రి."

"ఎందుకు మెల్లగా? తల్లి అక్కడుంది, బిడ్డ అక్కడుంది. దిగి పోకుండా ఈ దొంగచూపులెందుకు?"

ఆయన బెంచీ వైపే చూస్తూ అన్నాడు. "నేను దిగితె ఆళ్ళు నవ్వుడు బందు చేస్తరు మేడం."

మా నాన్న ఉంటే ఇంకో రెండు ప్రశ్నలు వేసేవాడు. నేను వేయలేదు. ఆధారం అడగకుండా ఆ మాట నమ్మాను. నమ్మి తప్పు చేశానేమో నాకు ఈ రోజుకీ తెలియదు, కనుక్కోలేదు కూడా. ఇంతలో చెల్లెలు నవ్వుతూ నవ్వుతూ ఇటువైపు తల తిప్పబోతోంది. నేను గొడుగు విప్పి, నడిరోడ్డులో కారు అద్దానికి అడ్డంగా నిలబడి, పిల్లలకు చెయ్యి ఊపాను. బస్సు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.